సెకండ్‌హ్యాండ్ పెద్ద బండి: కాగితం చూశాం, కింద చూడలేదు

ఈ మధ్య మన సంఘం ఆఫీసు బల్ల మీదికి వచ్చే కాగితాలు మారాయి. ఇంతకుముందు కుల ధ్రువపత్రాలు, కరెంటు బిల్లుల తకరార్లు, పిల్లల స్కూలు దాఖలాలు ఎక్కువగా వచ్చేవి. ఇప్పుడు పాత బండ్ల ఆర్‌సీలు కూడా వస్తున్నాయి. స్కార్పియో, సఫారీ, ఫార్చ్యూనర్ లాంటి పెద్ద బండ్లను పదేళ్లు, పన్నెండేళ్లు తిరిగిన తర్వాత మనవాళ్లు కొంటున్నారు. కొన్న నెలకే పెద్ద టైర్లు వేయించి, ఎత్తు లేపించి, ముందర ఇనుప గార్డు బిగిస్తున్నారు.

తప్పు అనడం లేదు. ఇంట్లో ఎనిమిది మంది ఉన్నప్పుడు, బతుకమ్మకో పెళ్లికో ఊరికి పోవాల్సి వచ్చినప్పుడు రైలు టికెట్టు దొరకదు. ఊళ్లో పొలం దాకా కారు పోదు. భివండీ గల్లీల్లో వానాకాలం గుంతల సంగతి చెప్పనక్కరలేదు. పెద్ద బండి అక్కరే. కానీ చాలా ఇళ్లలో ఆ డబ్బు సాంచాలను తుక్కు కింద తూకానికి అమ్మగా వచ్చిన డబ్బు. అది ఒకసారి పోతే మళ్లీ రాదు. అందుకే ఈ వ్యాసం.

ముందు మా ఇంటి సంగతి చెప్పాలి. మా తమ్ముడి కొడుకు ఒక పాత ఫోర్ వీల్ డ్రైవ్ బండి కొన్నాడు. కాగితాలు చూసింది మేమే. ముప్పై ఏళ్లకు పైగా గుమాస్తాగా పనిచేసిన అలవాటు కదా, ఆర్‌సీ, బ్యాంకు ఎన్‌ఓసీ, ఇన్సూరెన్స్, చలాన్లు ఒక్కొక్కటీ టిక్కు పెట్టి చూశాం. ఒక్క తప్పూ దొరకలేదు. "తీసుకో బిడ్డా" అన్నాం. వాడు తీసుకున్నాడు, రెండు అంగుళాలు ఎత్తు లేపించాడు, పెద్ద టైర్లు వేయించాడు. దసరాకు కుటుంబమంతా ఊరికి పోయి తిరిగి వస్తూ ఉంటే మాల్షేజ్ ఘాట్ దిగుతున్నప్పుడు ఫోన్ వచ్చింది. "పెద్దబాపూ, బ్రేకు పెడలు కిందికి పోతున్నది."

బండిలో ఏడుగురు. వాడు భయపడకుండా గేరు తగ్గించి, మెల్లగా కొండ వైపు ఆనించి, హ్యాండ్ బ్రేకు లాగి ఆపాడు. దిగి చక్రాల కింద రాళ్లు పెట్టారు. ఎవరికీ ఏమీ కాలేదు. తర్వాత మెకానిక్ చూపించాడు: బండి ఎత్తు లేపినప్పుడు వెనక యాక్సిల్‌కు పోయే బ్రేకు గొట్టం పొడవు మార్చలేదు. గుంత వచ్చి యాక్సిల్ కిందికి దిగిన ప్రతిసారీ ఆ రబ్బరు గొట్టం లాగబడింది. చివరికి మూల దగ్గర చీలి ఆయిల్ కారింది. పైగా లోపలి బ్రేక్ ఆయిల్ నల్లగా ఉంది, ఎన్నేళ్ల నుంచి మార్చలేదో తెలియదు.

కాగితం సరిగ్గా ఉంటే బండి సరిగ్గా ఉన్నట్టే అనుకోవడం మా పొరపాటు. బండి గట్టిగా ఉంటే కాగితం తర్వాత చూసుకోవచ్చు అనుకోవడం మన పిల్లల పొరపాటు. రెండూ చూడాలి. ఆ రెండూ ఎట్లా చూడాలో, ఆ తర్వాత నలుగురు మెకానిక్‌ల దగ్గర కూర్చొని మేము తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాం.

ఏ బండిని ఆఫ్‌రోడ్ బండి అనాలి

ఎత్తుగా ఉన్న ప్రతి బండీ మట్టిలో పోయే బండి కాదు. చూడాల్సినవి మూడు. మొదటిది ఛాసీ. లారీకి ఉన్నట్టు కింద రెండు పొడుగాటి ఇనుప దూలాలు, వాటి మీద బాడీ కూర్చుంటే దాన్ని నిచ్చెన ఛాసీ అంటారు. 2002లో వచ్చిన స్కార్పియో, 1998లో వచ్చిన పాత సఫారీ, 2009లో మన దేశానికి వచ్చిన ఫార్చ్యూనర్ ఈ రకమే. ఒక చక్రం గుంతలో, ఒకటి గట్టు మీద ఉన్నా ఆ మెలికను ఇది తట్టుకుంటుంది.

రెండోది ఫోర్ వీల్ డ్రైవ్. స్కార్పియోలు, సఫారీలు ఎక్కువ భాగం వెనక చక్రాలు మాత్రమే తిప్పేవి. బండి వెనక స్టిక్కర్ చూసి నమ్మవద్దు. స్టిక్కరు ఎవరైనా అతికించవచ్చు. లోపల లీవరో, గుండ్రటి స్విచ్చో ఉండాలి. దాని మీద టూ హెచ్, ఫోర్ హెచ్, ఫోర్ ఎల్ అని ఉంటుంది. కింద వంగి చూస్తే ముందు చక్రాలకు కూడా ఒక షాఫ్టు పోవాలి.

మూడోది ఫోర్ ఎల్, అంటే లో గేరు. ఇది వేస్తే చక్రం వేగం సుమారు రెండున్నర రెట్లు తగ్గి, లాగే బలం దాదాపు అంతే పెరుగుతుంది. బురదలో, ఇసుకలో, నిటారు దిగుడులో అసలు పని చేసేది ఇదే. ఇది లేని బండికి ఎంత పెద్ద టైర్లు వేసినా మట్టిలో పోయే శక్తి కొంతే పెరుగుతుంది.

ఒక హెచ్చరిక. పాత స్కార్పియో, సఫారీ లాంటి వాటిలో ఫోర్ హెచ్‌ను పొడి తారు రోడ్డు మీద వాడకూడదు. మలుపులో ముందు చక్రాలు, వెనక చక్రాలు వేర్వేరు దూరాలు తిరగాలి. పొడి తారు మీద జారే వీలు లేక ఆ ఒత్తిడంతా షాఫ్టుల మీద, గేర్ల మీద పడుతుంది. వదులు మట్టి, బురద, ఇసుక మీదే వాడాలి.

కాగితాల సంగతి

ఇది మా రంగం కనుక కొంచెం వివరంగా చెబుతాం.

ఒకే రాష్ట్రంలో చేతులు మారితే ఫారం 29, ఫారం 30 కావాలి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 50 ప్రకారం అమ్మినవాళ్లు 14 రోజుల్లో, కొన్నవాళ్లు 30 రోజుల్లో ఆర్టీవోకు తెలపాలి. బండి మీద అప్పు తీరి ఉంటే బ్యాంకు ఎన్‌ఓసీతో పాటు ఫారం 35 కావాలి. అప్పు తీరింది అని నోటితో చెబితే చాలదు, ఆర్‌సీలో బ్యాంకు పేరు కొట్టివేయాలి.

వేరే రాష్ట్రం బండి అయితే పని రెట్టింపు. అక్కడి ఆర్టీవో నుంచి ఫారం 28 మీద ఎన్‌ఓసీ రావాలి. ఇక్కడ కొత్త నంబరు కోసం ఫారం 27 పెట్టాలి, మహారాష్ట్ర వన్‌టైమ్ ట్యాక్సు కట్టాలి. చట్టంలో సెక్షన్ 47 ప్రకారం వేరే రాష్ట్రం బండి ఇక్కడ 12 నెలలు దాటి ఉంటే కొత్త నంబరు తప్పనిసరి. తెలంగాణ నంబరుతో సంవత్సరాలుగా ఇక్కడే తిరుగుతున్న బండ్లు మన గల్లీల్లో ఉన్నాయి. వాళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి.

ఢిల్లీ బండ్ల గురించి ఎక్కువగా అడుగుతున్నారు. పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు ఢిల్లీ, దాని చుట్టుపక్కల తిరగకూడదని 2015లో హరిత ట్రిబ్యునల్ ఆదేశించింది, 2018లో సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. అందుకే అక్కడి పెద్ద డీజిల్ బండ్లు తక్కువ ధరకు బయటి రాష్ట్రాలకు వచ్చాయి. తక్కువ ధర నిజమే. కానీ ఎన్‌ఓసీ, ఇక్కడి ట్యాక్సు, రవాణా, ఏజెంటు ఖర్చు అన్నీ కాగితం మీద కూడి, అప్పుడు భివండీలోనే దొరికే బండి ధరతో పోల్చండి. చాలాసార్లు తేడా మిగలదు. ఎన్‌ఓసీ చేతికి రాకుండా పూర్తి డబ్బు ఇవ్వకండి.

బండి వయసు కూడా లెక్కే. సొంత బండి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు ఉంటుంది. ఆ తర్వాత ఫిట్‌నెస్ పరీక్ష చేసి ఐదేసి ఏళ్లకు పొడిగిస్తారు. 2022 ఏప్రిల్ నుంచి కారు రకం బండ్లకు ఈ పొడిగింపు ఫీజు 600 నుంచి 5,000 రూపాయలకు పెరిగింది. దీనికి మహారాష్ట్ర పర్యావరణ పన్ను అదనం. పద్నాలుగేళ్ల బండి చవగ్గా దొరికింది అని సంబరపడే ముందు, వచ్చే ఏడాది ఖర్చు ఎంతో చూసుకోండి.

ఇన్సూరెన్స్‌ను కొన్న 14 రోజుల్లో మీ పేరుకు మార్చమని కంపెనీకి రాయాలి. అమ్మినాయన నో క్లెయిమ్ బోనస్ మీకు రాదు, అది మనిషిది, బండిది కాదు. పాత క్లెయిముల వివరం అడగండి. పెద్ద క్లెయిము ఉంటే బండికి పెద్ద దెబ్బ తగిలి ఉంటుంది, లేదా అది నీళ్లలో మునిగి ఉంటుంది.

అమ్మేవాళ్లకు ఒక మాట. బండి ఇచ్చేశాం, డబ్బు తీసుకున్నాం, ఇక మాకేం సంబంధం అనుకోవద్దు. ఆర్‌సీలో పేరు మారేవరకు, ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యత రిజిస్టర్ అయిన యజమానిదే అని 2018లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. బండి నాలుగు చేతులు మారినా పేరు మీదే ఉంటే నోటీసు మీ ఇంటికే వస్తుంది.

కింద చూడటం

బండిని పగటి పూట చూడాలి, అప్పుడే కడిగిన బండిని చూడకూడదు. పొద్దున్నే వెళ్లి, ఇంజిన్ చల్లగా ఉండగా మీ చేతితో స్టార్ట్ చేయండి. ముందే వేడి చేసి పెడితే ఏదో దాస్తున్నారన్న అనుమానం రావాలి.

పొగ రంగు చాలా చెబుతుంది. నల్ల పొగ వస్తే గాలి చాలడం లేదు, లేదా డీజిల్ ఎక్కువ పోతోంది. నీలం పొగ అంటే ఇంజిన్ ఆయిల్ కాలుతోంది. వేడెక్కిన తర్వాత కూడా తెల్ల పొగ ఆగకపోతే కూలెంట్ లోపలికి పోతుండవచ్చు, ఇంజెక్టర్ చెడి ఉండవచ్చు. డిప్‌స్టిక్ మీద ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే ఆ బండి వదిలేయండి, ఆయిల్‌లో నీళ్లు కలిశాయి.

మన ఊరికి ప్రత్యేకమైన పరీక్ష వరద పరీక్ష. 2005 జూలై 26 నాటి వాన మనమెవరం మరచిపోలేదు. ఆ తర్వాత కూడా కామ్వారీ నది పొంగిన ప్రతిసారీ తగ్గు ప్రాంతాల్లో బండ్లు మునిగాయి. మునిగిన బండిని కడిగి, సీటు కవర్లు మార్చి అమ్మడం కష్టమేమీ కాదు. ఇట్లా పట్టుకోవచ్చు: సీటు బెల్టును చివరిదాకా లాగండి, లోపలి భాగం మీద బురద గీత కనిపిస్తుంది. కార్పెట్ మూల లేపి తేమ, వాసన చూడండి. సీటు జారే పట్టాల మీద తుప్పు ఉందేమో చూడండి. హెడ్‌లైటు లోపల ఆవిరి, వైరింగు కనెక్టర్లలో పచ్చని చిలుము ఉంటే బండి మునిగిందనే అనుకోండి. అట్లాంటి బండిలో వైరింగు ఈ రోజు పనిచేసి రేపు ఆగుతుంది.

తర్వాత బండి కిందికి దూరండి. చేతిలో ఒక స్క్రూడ్రైవరు, టార్చి ఉంటే చాలు. ఛాసీ దూలాలను అంతటా తట్టి చూడండి. గట్టి ఇనుము ఖణేల్‌మంటుంది, తుప్పు తిన్నది మెత్తగా పలుకుతుంది, పెచ్చులు రాలుతుంది. ఛాసీ మీద కొత్తగా నల్ల రంగు పూసి ఉంటే దాని కింద ఏముందో ఇంకా జాగ్రత్తగా చూడాలి. ఛాసీకి వెల్డింగు పడి ఉంటే వదిలేయడమే మంచిది. ఇంజిన్ మార్చవచ్చు, గేర్‌బాక్సు మార్చవచ్చు, ఛాసీని మార్చడం సామాన్యుల పని కాదు. అక్కడే ఛాసీ నంబరును ఆర్‌సీతో అంకె అంకె సరిపోల్చండి.

ఫోర్ వీల్ డ్రైవ్‌ను మట్టి మైదానంలో పరీక్షించాలి. బండి ఆపి ఫోర్ హెచ్ వేసి, స్టీరింగు పూర్తిగా తిప్పి మెల్లగా పోతే కొంచెం బిగదీసినట్టు ఉంటుంది, అంటే పనిచేస్తోంది. తర్వాత పూర్తిగా ఆపి, న్యూట్రల్‌లో పెట్టి ఫోర్ ఎల్ వేయండి. మొదటి గేరులో కాలు యాక్సిలరేటరు మీద పెట్టకపోయినా బండి చీమలా పాకాలి. ఏళ్ల తరబడి వాడక ఆ లీవరే బిగుసుకుపోయిన బండ్లు చాలా ఉన్నాయి.

మరమ్మతులో వరుస

పాత సాంచా కొన్నప్పుడు మనం ముందు దానికి రంగు వేయం. షాఫ్టు, బేరింగులు, పళ్ల చక్రాలు చూస్తాం, నూనె పోస్తాం, తర్వాత నడిపి చూస్తాం. బండికీ అదే వరుస. మొదట ఆగడం, తర్వాత నడవడం, ఆ తర్వాత ఎక్కడం, చివరికి అందం. మా ఇంట్లో ఈ వరుస తలకిందులైంది.

ఆగడం అంటే బ్రేకులు, టైర్లు, స్టీరింగు. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం ఆయిల్ కొత్తదైతే 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టినాక ఆ హద్దు 155 డిగ్రీలకు పడిపోవచ్చు. ఘాట్‌లో బ్రేకు మీద కాలు పెట్టి దిగుతూ ఉంటే ఆ వేడి వస్తుంది. ఆయిల్ మరిగితే గొట్టాల్లో ఆవిరి బుడగలు వస్తాయి, బుడగ నొక్కుకుంటుంది కానీ బ్రేకు పట్టదు. పెడలు నేల దాకా పోతుంది. పాత బండి కొన్న వారంలోనే ఈ ఆయిల్ మార్చండి, తర్వాత రెండేళ్లకోసారి మార్చండి. ప్యాడ్లు, లైనర్లు, ప్రతి రబ్బరు గొట్టం చూడండి.

టైరు పక్క గోడ మీద నాలుగు అంకెలు ఉంటాయి. 3218 అంటే 2018 సంవత్సరం 32వ వారంలో తయారైంది. గాడి లోతుగా ఉన్నా, ఏళ్లు దాటి పగుళ్లు వచ్చిన టైరు మీద కుటుంబాన్ని ఎక్కించకండి. స్టీరింగు బాల్ జాయింట్లు, టై రాడ్ చివర్లు, చక్రాల బేరింగులు కూడా ఈ విడతలోనే చూడాలి.

నడవడం అంటే ఇంజిన్ చల్లదనం, ఆయిళ్లు, ఫిల్టర్లు, బెల్టులు. ఇక్కడ భివండీకి ప్రత్యేకమైన శత్రువు ఒకటి ఉంది, నూలు దుమ్ము. కార్ఖానా గోడ పక్కన నిలిపిన బండిలో ఆ దూది ఎయిర్ ఫిల్టరులో చేరుతుంది, రేడియేటర్ రెక్కల మధ్య పొరలా అతుక్కుంటుంది. ఊళ్లో తెలియదు. ఘాట్ ఎక్కేటప్పుడు ఇంజిన్ వేడెక్కి ఆగుతుంది. ఏసీ కండెన్సర్, రేడియేటర్ మధ్య గాలి కొట్టించి శుభ్రం చేయించండి. నీళ్లు మాత్రమే పోయకుండా కూలెంట్, శుద్ధమైన నీరు సగం సగం పోయించండి. టైమింగ్ బెల్టు ఉన్న ఇంజిన్ అయితే, ఎప్పుడు మార్చారో బిల్లు లేకపోతే మార్చలేదనే లెక్క. అది తెగితే ఇంజిన్ మొత్తం విప్పాల్సి వస్తుంది.

ఎక్కడం అంటే ఫోర్ వీల్ డ్రైవ్ భాగాలు, షాకబ్జర్లు, బుష్‌లు. గేర్‌బాక్సుతో పాటు ట్రాన్స్‌ఫర్ కేసు, ముందు డిఫరెన్షియల్, వెనక డిఫరెన్షియల్ ఆయిళ్లు మార్చాలి. సాధారణ గ్యారేజీలో ఈ మూడూ తరచుగా మరచిపోతారు, మీరే అడగాలి. యూనివర్సల్ జాయింట్లకు గ్రీజు కొట్టించాలి.

సామాను సంగతిలో మనం అదృష్టవంతులం. స్కార్పియో తయారయ్యే నాసిక్ మన రోడ్డు మీదే ఉంది. ఇటు ముంబై అంగళ్లు దగ్గర. కుర్లాలో పాత సామాను కూడా దొరుకుతుంది. డోరు, అద్దం, సీటు, బంపరు పాతవి కొనవచ్చు. బ్రేకు, స్టీరింగు, సీటు బెల్టు సామాను మాత్రం పాతది కొనకండి, బిల్లుతో కొత్తదే కొనండి. ఇవన్నీ కలిపి, కొన్న ధరలో కనీసం నాలుగో వంతు మరమ్మతుకు పక్కన పెట్టుకున్న తర్వాతే బేరం మాట్లాడండి. అంత మిగలకపోతే అంతకంటే చిన్న బండి చూడండి.

మార్పులు: ఏది పనికొస్తుంది, ఏది చట్టం ఒప్పుకోదు

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా, ఆర్‌సీలో రాసిన దానికి భిన్నంగా బండిని మార్చకూడదు. కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే గట్టిగా చెప్పింది. 2019 సవరణలో వచ్చిన సెక్షన్ 182ఏ ప్రకారం అనుమతి లేని మార్పుకు యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఒక్కో మార్పుకు అన్న మాట గమనించండి.

ముందర బిగించే బుల్ గార్డును 2017 డిసెంబరులో కేంద్ర రోడ్డు రవాణా శాఖ అనుమతి లేని మార్పుగా చెప్పి, చర్య తీసుకోమని రాష్ట్రాలకు రాసింది. ఆ గార్డు తగిలితే నడిచే మనిషి బతకడం కష్టం. గుద్దుకున్నప్పుడు ఎయిర్‌బ్యాగు తెరుచుకోవాల్సిన లెక్కా తప్పవచ్చు. మీ పిల్లల కోసం ఉన్న ఎయిర్‌బ్యాగును మీరే అడ్డుకున్నట్టు అవుతుంది.

పెద్ద టైర్ల లెక్క ఒకసారి చూడండి. పాత స్కార్పియో, సఫారీలకు 235/70 ఆర్ 16 టైరు వచ్చేది. దాని ఎత్తు సుమారు 735 మిల్లీమీటర్లు. పిల్లలు వేయించే 245/75 ఆర్ 16 ఎత్తు సుమారు 774. తేడా 39. యాక్సిల్ కింద పెరిగేది అందులో సగం, అంటే దాదాపు 19 మిల్లీమీటర్లు, ఒక బొటనవేలు వెడల్పు. ఆ బొటనవేలు కోసం స్పీడోమీటరు తప్పు చూపిస్తుంది, 80 అని చూపినప్పుడు బండి 84 మీద పోతుంది. బ్రేకు మీద, క్లచ్చు మీద భారం పెరుగుతుంది, మైలేజీ తగ్గుతుంది. కంపెనీ చెప్పిన కొలతలోనే ఆల్ టెరైన్ రకం టైర్లు దొరుకుతాయి. మన అవసరానికి అవి చాలు.

ఎత్తు లేపితే గుంతల్లో కింద తగలదు, నిజమే. కానీ బరువు పైకి పోతుంది, మలుపులో బండి ఒరిగే గుణం పెరుగుతుంది. షాఫ్టు కోణం మారి జాయింట్లు త్వరగా అరుగుతాయి. హెడ్‌లైటు ఎదుటివాళ్ల కళ్లలో పడుతుంది. బ్రేకు గొట్టం ఏమవుతుందో మా ఇంట్లో చూశాం. పైగా చెప్పకుండా చేసిన మార్పులు ఉంటే, ప్రమాదం తర్వాత మన బండి నష్టానికి ఇన్సూరెన్స్ కంపెనీ డబ్బు నిరాకరించే వీలుంది. మా తమ్ముడి కొడుకు చివరికి పాత స్ప్రింగులే తిరిగి వేయించాడు. లేపడానికి ఒక ఖర్చు, దించడానికి ఇంకో ఖర్చు.

ఇంజిన్ గాలి గొట్టాన్ని పైకప్పు దాకా తీసే స్నార్కెల్ చూసి నీళ్లలో ఎంతైనా పోవచ్చు అనుకుంటున్నారు. అది గాలి దారిని మాత్రమే ఎత్తుతుంది. యాక్సిల్, గేర్‌బాక్సు, వైరింగు కిందే ఉంటాయి.

చట్టానికి అడ్డం రాకుండా నిజంగా పనికొచ్చేవి సాదా వస్తువులు. గాలి కొలిచే మీటరు, చిన్న కంప్రెసరు, మంచి జాకీ, దాని కింద పెట్టే దళసరి చెక్క, పార, మందమైన లాగుడు బెల్టు, రెండు షాకిళ్లు, టార్చి, ప్రథమ చికిత్స పెట్టె. ఇవి కొనుక్కోండి.

మన దారి, మన మట్టి

జాతీయ రహదారి 61 భివండీ నుంచి మొదలై కల్యాణ్, ముర్బాడ్, మాల్షేజ్ ఘాట్, అహ్మద్‌నగర్ (ఇప్పటి అహిల్యానగర్), పర్భణీ, నాందేడ్ మీదుగా నిర్మల్ వైపు పోతుంది. మన వాకిట్లో పుట్టిన రోడ్డు తెలంగాణలోకే పోతుందన్న మాట. పోయేటప్పుడు ఘాట్ ఎక్కుతాం, అప్పుడు రేడియేటర్‌కు పరీక్ష. వచ్చేటప్పుడు దిగుతాం, అప్పుడు బ్రేకులకు పరీక్ష. వచ్చేటప్పుడే మనుషులు అలసి ఉంటారు, సామాను బరువూ ఎక్కువ, బియ్యం బస్తాలు ఊరి నుంచే వస్తాయి కదా. దిగుడులో రెండో గేరు, మూడో గేరులో ఉంచి ఇంజిన్‌తోనే వేగం పట్టుకోండి. బ్రేకు మీద కాలు అదిమి ఉంచకుండా, నొక్కి వదులుతూ దిగండి. న్యూట్రల్‌లో దిగడం డీజిల్ ఆదా కాదు, ప్రాణంతో చెలగాటం.

మరాఠ్వాడా నల్లరేగడి వానలో బంకలా టైరు గాళ్లలో నిండి టైరును నున్నగా చేస్తుంది. అందులోకి దిగకముందే ఫోర్ హెచ్ వేయాలి, కూరుకున్నాక కాదు. ఊళ్లో మానేరు ఇసుక లాంటి చోట టైరు గాలి 18 నుంచి 20 పౌండ్లకు తగ్గిస్తే టైరు పరుచుకొని తేలుతుంది. తారు ఎక్కగానే మళ్లీ గాలి నింపాలి, తగ్గించిన గాలితో వేగంగా పోతే టైరు వేడెక్కి పగులుతుంది.

పారే నీళ్లు కనిపిస్తే ఆగండి. లోతు తెలియకపోతే పోకండి. రెండడుగుల పారే నీరు పెద్ద బండిని కూడా కొట్టుకుపోగలదు. నీళ్లలో ఇంజిన్ ఆగితే మళ్లీ స్టార్ట్ చేయకండి. సిలిండర్లోకి పోయిన నీరు నొక్కుకోదు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. తోసి బయటికి తెచ్చి మెకానిక్‌ను పిలవండి.

కూరుకున్న బండిని గొలుసుతో లాగవద్దు. తెగిన గొలుసు తూటాలా వస్తుంది. బెల్టు మధ్యలో ఒక తడి గోనె సంచి వేసి, పిల్లలను దూరంగా నిలబెట్టి లాగండి.

ఇంకో మాట. మన చుట్టుపక్కల షహాపూర్, వాడా వైపు అడవుల్లో తాన్సా అభయారణ్యం ఉంది. అటవీ భూమిలో అనుమతి లేకుండా బండి తోలడం నేరం. రైతు పొలం గట్టు మీద తోలడం నేరం కంటే పెద్ద తప్పు. మనమూ ఊళ్లో పొలం ఉన్నవాళ్లమే. వానాకాలం జలపాతాల దగ్గరికి పోకూడదని కలెక్టరు ఆంక్షలు పెడుతుంటారు, బయలుదేరే ముందు తెలుసుకోండి.

చివరిగా

మా తమ్ముడి కొడుకు బండి ఇప్పుడు బాగానే ఉంది. మళ్లీ ఊరికి పోయి వచ్చారు. బయలుదేరే ముందు రోజు సాయంత్రం వాడు మమ్మల్ని పిలిచాడు. "పెద్దబాపూ, కాగితాలు కాదు, ఇటు రా" అని చేతికి టార్చి ఇచ్చి బండి కిందికి చూడమన్నాడు. ఈ వయసులో నేల మీద పడుకొని బ్రేకు గొట్టాలు ఒక్కొక్కటీ చూశాం. పొడిగా ఉన్నాయి.

పాత బండి కొనాలనుకునేవాళ్లు అడ్వాన్సు ఇవ్వకముందే ఆర్‌సీ, ఇన్సూరెన్స్ జిరాక్సులతో ఆదివారం పొద్దున సంఘం ఆఫీసుకు రండి. కాగితాలు మేము చూస్తాం. బండి కింద చూడటానికి మనవాళ్లలోనే తెలిసిన మెకానిక్‌లు ఉన్నారు, వాళ్లను పిలుస్తాం. అడ్వాన్సు ఇచ్చాక వస్తే మేము చేయగలిగేది తక్కువ.